లెసన్ ప్లాన్‌లో "ప్రత్యేక అవసరాలు" గడిలో అసలు ఏం రాయాలి?

పలక_బలపం:

అందరికీ నమస్కారం. టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నాను, టీచింగ్ ప్రాక్టీస్ నడుస్తోంది. మూడో తరగతి, 36 మంది పిల్లలు, 40 నిమిషాల పీరియడ్. లెసన్ ప్లాన్ చివర "భిన్న అభ్యసన అవసరాలున్న పిల్లల కోసం తీసుకునే చర్యలు" అని ఒక గడి ఉంటుంది. అందులో "వ్యక్తిగత శ్రద్ధ చూపుతాను, సులభమైన పని ఇస్తాను" అని రాస్తే గైడ్ కొట్టేసి "ఏం శ్రద్ధ? ఎప్పుడు? ఎంతసేపు?" అని పక్కన రాశారు.

క్లాసులో నలుగురి విషయం తేలడం లేదు. ఒక పాప నోటితో ఏది అడిగినా టకటకా చెబుతుంది, చదవమంటే కూడబలుక్కుంటూ వత్తు రాగానే ఆగిపోతుంది. ఒక బాబు వినికిడి మిషన్ పెట్టుకుంటాడు. పిలిస్తే పలుకుతాడు కానీ చెప్పిన పని వదిలేసి ఇంకేదో చేస్తాడు. ఇంకో బాబు రెండు నిమిషాలు కుదురుగా కూర్చోడు. నాలుగో పాపకు ఆటిజం ఉందని రికార్డులో ఉంది, పక్కనే ఒక సహాయకురాలు కూర్చుంటారు. నలుగురికీ నాలుగు పాఠాలు తయారు చేయడం కుదిరే పనేనా? ఎక్కడ మొదలుపెట్టాలి?

గుణింతం:

నాలుగు పాఠాలు వద్దు. పాఠం ఒకటే. అది ఏ పిల్లకు ఏ మెట్టు దగ్గర తెగిపోతోందో చూడండి.

"పాఠం చదివి 5 ప్రశ్నలకు జవాబులు రాయండి" అనే మామూలు పని తీసుకోండి. పేజీ వెతకాలి, అక్షరాన్ని ధ్వనిగా మార్చాలి, ధ్వనులు కలిపి పదం చేయాలి, వాక్యం అర్థం కావాలి, ప్రశ్న ఏం అడుగుతోందో తెలియాలి, జవాబు ఎక్కడుందో పట్టుకోవాలి, దాన్ని మనసులో నిలుపుకోవాలి, చేత్తో రాయాలి. ఎనిమిది మెట్లు. మీ మొదటి పాప రెండో మెట్టు, మూడో మెట్టు దగ్గరే ఆగింది, మిగతావన్నీ ఆమెకు వచ్చు. అలాంటి పిల్లకు "సులభమైన పని" ఇస్తే వచ్చినవాటిని కూడా తీసేసినట్టు.

సర్దుబాటు వేరు, తగ్గింపు వేరు. లక్ష్యాన్ని అలాగే ఉంచి దారి మార్చడం సర్దుబాటు. లక్ష్యాన్నే మార్చడం తగ్గింపు; కొందరికి అదీ అవసరమే, కానీ తెలిసి చేయాలి. ఆ రోజు లక్ష్యం "కథలో కారణాలు గుర్తించడం" అయితే పాపకు మీరు చదివి వినిపించి నోటితో జవాబు తీసుకోవచ్చు. లక్ష్యం "ధారాళంగా చదవడం" అయితే చదివి వినిపించిన క్షణమే లక్ష్యం మాయమైపోతుంది. అందుకే ఆ గడిని లక్ష్యం గడి నిండకముందు నింపడం కుదరదు.

ఇక వత్తుల సంగతి. ముందు తప్పుల రకం తేల్చండి. 100 పదాల పేరా ఆమె చేత చదివిస్తూ మీ ప్రతిలో గుర్తులు పెట్టుకోండి. 95 లేదా అంతకంటే ఎక్కువ సరిగ్గా చదివితే సొంతంగా చదవగలదు, 90–94 అయితే సాయంతో, 90 లోపు అయితే ఆ పేరా ఆమెకు బరువు అని ఒక వాడుక లెక్క ఉంది. అది ఇంగ్లీషు పాఠాల మీద పుట్టిన లెక్క. మన పదాలకు విభక్తులూ క్రియా ప్రత్యయాలూ అంటుకుని పొడుగవుతాయి కాబట్టి పదంలో ఏ అక్షరం దగ్గర తప్పిందో కూడా రాసుకోండి, ఆ లెక్క ఒక్కటే సరిపోదు.

తప్పులు సాధారణంగా మూడు గుంపులుగా పడతాయి.

ఆకారం తారుమారు: ప–ష–వ, మ–య, ద–ధ–థ. జంటలో ఒకదాన్ని గట్టిగా నేర్పాక కొన్ని రోజులు ఆగి రెండోది తీయాలి. రెండూ పక్కపక్కన పెట్టి "తేడా చూడు" అని మొదటి రోజే చూపిస్తే ఆ గందరగోళమే స్థిరపడుతుంది.

హ్రస్వ దీర్ఘాలు: మెడ–మేడ, కొన–కోన, పడు–పాడు. వీటికి కన్ను కంటే చెవి ముందు. మీరు పలకాలి, పొడుగు వినిపిస్తే పాప చేయి చాచాలి. అది పది సార్లకు పది సార్లు కుదిరాకే కార్డు చూపించాలి.

మూడోది అసలు చిక్కు. "పుస్తకం" అని నోటితో విడగొడితే పుస్–త–కం అవుతుంది. కాగితం మీద మాత్రం పు–స్త–కం. నోటిలో "పు"తో ఉన్న స్ కాగితం మీదికి వచ్చేసరికి "త"తో కలిసింది. పిల్ల "పుతకం" అందంటే అజాగ్రత్త అనుకోకండి, చెవికీ కంటికీ పొత్తు కుదరలేదంతే. దీనికి తోడు గుణింతపు గుర్తు పై అక్షరం మీద ఉంటుంది, దాని ధ్వని మాత్రం వత్తు తర్వాత వస్తుంది. "క్రి"లో కంటికి ముందు కనబడేది "కి", అందుకే "కిరకెట్" అని చదువుతారు. కాబట్టి వరుసను వేలితో చూపించండి: పై అక్షరం సగం, కింద వత్తు, మళ్లీ పైకి వచ్చి గుణింతం. మూడు కార్డులు చేసి కలుపుతూ, విడదీస్తూ పలికించండి.

ద్విత్వాలు ముందు (అమ్మ, అక్క, పువ్వు), సంయుక్తాలు తర్వాత. త, న, మ, య, ర, ల వత్తులకు తల్లి అక్షరం పోలిక లేదు, వాటిని కొత్త అక్షరాల్లాగే నేర్పాలి. రోజుకు 10 నిమిషాలు, 5 పదాలు: మూడు పాతవి, రెండు కొత్తవి. ఆదివారం తప్ప రోజూ. వారానికి ఒకరోజు గంటసేపు కూర్చోబెట్టడం దీనికి ప్రత్యామ్నాయం కాదు.

సుద్దముక్క:

రెండో బాబు గురించి. "పిలిస్తే పలుకుతాడు కాబట్టి వినిపిస్తోంది" అన్న ఊహే చాలా చోట్ల దెబ్బ తీస్తుంది. మాటలో అచ్చులు బిగ్గరగా ఉంటాయి, స, ష, ఫ లాంటి హల్లులు సన్నగా ఉంటాయి. వినికిడి లోపంలో చాలాసార్లు ముందు జారిపోయేవి ఈ సన్నవే. గొంతు వినిపిస్తుంది, పదం వినిపించదు. పేరు మాత్రం రోజూ వినేదే కాబట్టి సగం వినిపించినా గుర్తు పడతాడు.

మిషన్ అన్ని శబ్దాలనూ పెంచుతుంది, బెంచీ ఈడ్చిన చప్పుడు కూడా. మీరు ఒకటి రెండు మీటర్లలో ఉంటేనే అది బాగా పనికొస్తుంది. ముందు వరుస మధ్య సీటు కంటే రెండో వరుసలో పక్క సీటు మేలు. మీ ముఖమూ కనబడుతుంది, తల తిప్పితే తోటి పిల్లల ముఖాలూ కనబడతాయి. ఒక చెవి మెరుగైతే ఆ చెవి క్లాసు వైపు ఉండాలి. మీ వెనక కిటికీ ఉండకూడదు, ఉంటే మీ ముఖం నీడలో పడుతుంది.

బోర్డు మీద రాస్తూ మాట్లాడకండి. రాయండి, తిరగండి, అప్పుడు చెప్పండి. వెనక బెంచీ పిల్ల చెప్పిన జవాబును మీరు మళ్లీ పలకండి, లేకపోతే చర్చలో సగం అతనికి అందదు. అరవకండి, పెదాలు సాగదీసి పలకకండి, ఆకారం చెడిపోతుంది. పెదాల మీద ప, బ, మ ఎలాగూ ఒకేలా కనిపిస్తాయి, పెదాలు చూసి అంతా తెలుసుకుంటాడని ఆశ పెట్టుకోవద్దు. ఒకసారి అదే మాట మళ్లీ చెప్పండి, అందకపోతే వేరే పదాలతో చెప్పండి.

"అర్థమైందా?" అని మాత్రం అడగొద్దు. తల ఊపడం పిల్లలందరికీ వచ్చు. "ముందు ఏం చేస్తావు?" అని అడిగితే నిజం బయటపడుతుంది.

ఉదయం అర నిమిషం: మిషన్ ఆన్‌లో ఉందా, బ్యాటరీ పనిచేస్తోందా. కుయ్యిమని కూత పెడుతుంటే చాలాసార్లు మౌల్డ్ (చెవి ఆకారానికి అచ్చుపోసి చెవిలో పెట్టే భాగం) సరిగా కూర్చోలేదని అర్థం. పిల్లల చెవులు పెరిగేకొద్దీ మౌల్డ్ వదులవుతుంది, సర్ది పెట్టినా కూత ఆగకపోతే ఇంట్లోవాళ్లకు చెప్పండి. ఇంకొకటి, శ్రద్ధగా విని విని సాయంత్రానికి ఈ పిల్లలు బాగా అలసిపోతారు. కొత్త విషయం చివరి పీరియడ్‌లో పెట్టుకోకండి.

మూడో_బెంచీ:

కుదురులేని బాబుకు పేరు పెట్టే ముందు 5 రోజులు రాసి చూడండి. రోజూ ఒకే 20 నిమిషాలు. మూడు నిలువు వరుసలు చాలు: లేవడానికి ముందు ఏం జరిగింది, ఏం చేశాడు, వెంటనే ఏమైంది. బోర్డు చూసి రాసేటప్పుడే లేస్తుంటే చిక్కు రాతలోనో చూపులోనో ఉండొచ్చు. లేచిన ప్రతిసారీ బయట నిలబెడుతుంటే, రాత తప్పించుకోవడానికి దారి మనమే చూపిస్తున్నట్టు. అది శిక్ష అని మనం అనుకుంటాం, అతనికది బహుమానం.

ఇదే పట్టికలో ఇంకోటి గమనించండి, ఈ బాబుకనే కాదు, "పరధ్యానం" అని పేరు పడ్డ ఏ పిల్లకైనా. మాట మధ్యలో ఆగి, కొన్ని సెకన్లు శూన్యంలోకి చూసి, తాకినా పలకకుండా, ఏమీ జరగనట్టు మళ్లీ మొదలుపెడుతున్నారా? అది ఒక రకం మూర్ఛ కావచ్చు. రోజులో చాలాసార్లు రావచ్చు. సమయం, ఎన్ని సెకన్లు అనేది రాసి తల్లిదండ్రులకు ఇవ్వండి. తేల్చాల్సింది డాక్టరు, మీరు కాదు.

చేయాల్సినవి: ఒకసారికి ఒకే ఆదేశం. 12 లెక్కల షీటును మడిచి 4 మాత్రమే కనబడేలా ఇవ్వండి. 4 అయ్యాక మీ బల్ల దగ్గరకు తెచ్చి చూపించాలి. అలా లేచి నడవడం పనిలో భాగమైపోతుంది. తలుపుకూ కిటికీకీ దూరంగా సీటు. మెప్పు వెంటనే, ఫలానా పనికి: "నాలుగూ లేవకుండా చేశావు". ఆటల పీరియడ్ కోత మాత్రం ఎప్పుడూ వేయకండి. కదలిక ఎక్కువ అవసరమైన పిల్లవాడి దగ్గర కదలికే లాక్కోవడం ఏం లెక్కో!

పలక_బలపం:

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. నాలుగో పాప నోటుబుక్కు నిండుగా ఉంది, కానీ రాత సహాయకురాలిది. ఆవిడ నాకంటే వయసులో, అనుభవంలో పెద్ద, ఎలా చెప్పాలి? ఇంకోటి, రంగు ప్లాస్టిక్ షీటు పేజీ మీద పెడితే చదువు వస్తుందని, పిల్లల్ని చూసి నేర్చేవాళ్లు, విని నేర్చేవాళ్లు అని విడగొట్టాలని మా బ్యాచ్‌లో అంటున్నారు. నిజమా?

ఊతకర్ర:

రంగు షీట్ల వల్ల చదివే ఇబ్బంది తగ్గుతుందని నమ్మదగ్గ ఆధారం లేదు. చూపు తక్కువున్న పిల్లలకు మెరుపు లేని కాగితం, పెద్ద అక్షరం, ముదురు నలుపు పెన్ను పనికొస్తాయి, అది వేరే సంగతి. పిల్లల్ని "చూసేవాళ్లు, వినేవాళ్లు" అని విడగొట్టి ఆ పద్ధతిలోనే నేర్పితే ఎక్కువ నేర్చుకుంటారన్నదీ పరీక్షకు నిలవలేదు. ఒకే విషయాన్ని బొమ్మతో, మాటతో, వస్తువుతో అందరికీ చూపించడం మంచిదే. దానికి పిల్లల నుదుట ముద్రలు వేయక్కర్లేదు.

సహాయకురాలికి తప్పు చెబుతున్నట్టు కాకుండా పని పంచుకుంటున్నట్టు చెప్పండి: "అమ్మా, ఎక్కడ ఎంత సాయం పట్టిందో మీరు గుర్తు పెడితే నాకు రేపటి పాఠం తేలికవుతుంది." అలా ఆవిడ చేతికి పెన్సిల్ మార్జిన్‌లో రాయడానికి వస్తుంది, జవాబు రాయడానికి కాదు. ఐదు గుర్తులు చాలు: సొం (సొంతంగా), సై (సైగతో), మా (మాటతో), చూ (చేసి చూపిస్తే), చే (చేయి పట్టుకుంటే). సాయం కూడా ఇదే వరుసలో పెరగాలి. దేనికైనా ముందు 5 నుంచి 10 సెకన్లు ఊరకే ఆగాలి. మనం సాధారణంగా ఒక్క సెకను కూడా ఆగం. చేయి పట్టుకోవడం ఆఖరిది, అదీ పాప ఒప్పుకుంటేనే.

రెండు వారాల తర్వాత "చే"లు "చూ"లుగా, "మా"లు "సై"లుగా మారకపోతే ఊత అలవాటైపోయినట్టు. మాట సాయం తీసేయడం అన్నిటికంటే కష్టం, ఎందుకంటే పిల్ల పనిని కాకుండా మాటనే ఎదురుచూడటం నేర్చుకుంటుంది. బొమ్మ కార్డును మెల్లగా పక్కకు జరపొచ్చు. కాబట్టి మెట్లను 4–5 బొమ్మలుగా బల్ల మీద అంటించండి, అయినదాన్ని పాపే బోర్లా తిప్పుతుంది. సహాయకురాలి కుర్చీ ఒక అడుగు వెనక్కి. పక్కనే పెద్దమనిషి ఉంటే తోటిపిల్లలు ఆమెతో మాట్లాడరు.

పని మారబోతోందని 5 నిమిషాల ముందు ఒకసారి, 1 నిమిషం ముందు ఇంకోసారి చెప్పండి. "పుస్తకం తీస్తావా?" అంటే అది ప్రశ్న, "తియ్యను" అంటే పొగరు కాదు, నిజాయితీగా ఇచ్చిన జవాబు. "పుస్తకం తియ్యి" అనండి. "చెవులప్పగించి విను" లాంటి నుడికారాలు ఆమెకు చెప్పేటప్పుడు పక్కన పెట్టండి. కళ్లలోకి చూడమని బలవంతం వద్దు, చూడకుండానే వింటూ ఉండొచ్చు. చెవులు మూసుకుని ఊగుతుంటే అప్పుడు పాఠం, సంజాయిషీ ఏదీ ఎక్కదు. మాటలు తగ్గించి, చుట్టూ గుంపు తీసేసి, ఆగండి.

గుణింతం:

గడి నింపిన నమూనా ఒకటి, మొదటి పాపకు: "సంయుక్తాక్షరాల దగ్గర ఆగుతోంది. ఈ రోజు లక్ష్యం అర్థగ్రహణం కాబట్టి పేరా నేను చదివి వినిపిస్తాను, 8వ నిమిషం నుంచి 12 వరకు, జవాబులు నోటితో. వత్తుల సాధన విడిగా ఉదయం 10 నిమిషాలు. ర వత్తు పదాలు 10లో 8, వరుసగా 3 రోజులు సరిగ్గా చదివితే తర్వాతి వత్తుకు వెళ్తాను." మీ గైడ్ అడిగిన మూడు ప్రశ్నలకూ ఇందులో జవాబుంది.

సుద్దముక్క:

ఒక్క అభ్యంతరం. మార్జిన్ గుర్తులు, 5 రోజుల పట్టిక, 100 పదాల పేరా, ఇవన్నీ ఒకే వారంలో మొదలుపెడితే మూడో రోజుకే కాగితాలు మూలన పడతాయి. సీటు మార్చడం, పిల్లల వైపు తిరిగి మాట్లాడటం, ఒకే ఆదేశం ఇవ్వడం లాంటివి రేపటి నుంచే 36 మందికీ చేయొచ్చు, రాతపని లేదు. రాసి గమనించడం మాత్రం వారానికి ఒక్కరిని. ముందు వినికిడి మిషన్ బాబుతో మొదలుపెట్టండి; అక్కడ మార్పు మర్నాడే కనబడుతుంది.