జింజా మానేసి పైథాన్‌లోనే హెచ్‌టీఎంఎల్ రాసుకుంటే తప్పా?

ప్రశ్న
మా బాబాయి ఎరువుల కొట్టుకి ఫ్లాస్క్‌లో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) చిన్న బిల్లుల యాప్ చేశా, మొత్తం ఆరేడు పేజీలు అంతే. బిల్లు పేజీ ఒక్కదానికే నాలుగు జింజా టెంప్లేట్లు (ఖాళీల్లో విలువలు నింపే హెచ్‌టీఎంఎల్ ఫైళ్ళు), ఒకదాంట్లో ఇంకోటి ఇంక్లూడు, జీఎస్టీ ఉంటే ఒకలా లేకపోతే ఇంకోలా అని ఇఫ్‌లు, ఏ వేరియబుల్ ఎక్కణ్ణుంచి వస్తోందో వెతుక్కోడంతోనే సరిపోతోంది. విసుగొచ్చి నిన్న రాత్రి అన్నీ పీకేసి ఎఫ్-స్ట్రింగ్స్‌తో (మధ్యలో వేరియబుల్స్ పెట్టుకోగలిగే పైథాన్ స్ట్రింగ్స్) హెచ్‌టీఎంఎల్ ఇచ్చే ఫంక్షన్లు రాసేశా, టేబుల్‌కి ఒకటి, వరసకి ఒకటి. కోడ్ సగం తగ్గింది. మా సీనియర్ చూసి లాజిక్ వేరు డిజైన్ వేరు అని గంట క్లాస్ పీకాడు. అంత తప్పా ఇది?

పాత పెర్ల్ ప్రాణి
తప్పేం లేదు తమ్ముడూ. మేం సీజీఐ డాట్ పీఎం (పెర్ల్‌లో వెబ్ పేజీలు తయారుచేసే మాడ్యూల్) రోజుల్లో హెడ్డింగ్ కూడా ఫంక్షన్ పిలిచే తెప్పించుకునేవాళ్ళం. తర్వాత అది పాతబడి, 2015లో పెర్ల్ 5.22కి కోర్ (పెర్ల్‌తో పాటే వచ్చే మాడ్యూళ్ళు) లోంచే తీసేశారు. మరి ఇప్పుడు అందరూ నెత్తిన పెట్టుకునే జావాస్క్రిప్ట్ లైబ్రరీ రియాక్ట్ చేసేదేంటి? అందులో పేజీలు రాసే జేఎస్ఎక్స్ చూడ్డానికే హెచ్‌టీఎంఎల్, కంపైల్ అయ్యాక ఉత్త ఫంక్షన్ కాల్సే. జీఎస్టీ లెక్క కట్టడం లాజిక్, దాన్ని గళ్ళల్లో పెట్టడం కాదు. ఆ లెక్క విడిగా ఉంటే చాలు, మీ సీనియర్ని లైట్ తీస్కో.

ఎస్కేప్ పిచ్చోడు
ఆగండాగండి, అసలు ప్రమాదం ఎఫ్-స్ట్రింగ్‌లో ఉంది, ఎవరూ చూడట్లేదే! డాట్ హెచ్‌టీఎంఎల్ టెంప్లేట్లకి ఫ్లాస్క్ తనే ఆటోఎస్కేప్, అంటే ఎవరైనా టైప్ చేసిన ట్యాగ్‌ని కోడ్‌లా కాక ఉత్త అక్షరాల్లా చూపించడం, ఆన్ చేస్తుంది (ఉత్త జింజాలో డీఫాల్ట్‌గా ఆఫే, అది వేరే గోల), ఎఫ్-స్ట్రింగ్‌కి అలాంటి కాపలా లేదు. కస్టమర్ పేరు దగ్గర అలర్ట్ (పైకి వచ్చే మెసేజ్ పెట్టె) ఉన్న స్క్రిప్ట్ ట్యాగ్ టైప్ చేసి బిల్లు తెరిచి చూడు, అది కోడ్‌లా నడిచేస్తుంది.

ప్రశ్న అడిగినవాడు
అమ్మో, అలర్ట్ వచ్చింది 😬 ప్రతిచోటా ఎస్కేప్ ఫంక్షన్ పెట్టేస్తే సరిపోతుందా అన్నా?

ఎస్కేప్ పిచ్చోడు
వద్దు. ఒకచోట మర్చిపోతావ్, ఇంకోచోట రెండుసార్లు చేసి "సన్ అండ్ కో" పేరులో యాంపర్‌సాండ్ (&) పక్కన ఏఎంపీ అని అక్షరాలు ప్రింట్ అవుతాయి. ఏది మామూలు టెక్స్ట్, ఏది ఆల్రెడీ మార్కప్ అన్నది స్ట్రింగ్‌కి తెలీదు కదా, అందుకే తేడా తెలిసిన లైబ్రరీ వాడు. హెచ్‌టీపై గానీ డామినేట్ గానీ, రెండూ టెక్స్ట్‌ని వాటంతటవే ఎస్కేప్ చేస్తాయి. హెచ్‌టీఎంఎల్‌లో వాడే క్లాస్ అనే పేరు పైథాన్ కీవర్డ్ కూడా కాబట్టి హెచ్‌టీపైలో దాని చివర అండర్‌స్కోర్ పెట్టాలి, మొదటి రోజు అందరూ అక్కడే తన్నుకుంటారు.

ఏజెన్సీలో ఫ్రంటెండ్
మీ బాబాయి కొట్టు కాబట్టి ఓకే. మా దగ్గర పైథాన్ రాని డిజైనర్ నేరుగా టెంప్లేట్ ఫైల్ తెరిచి మార్జిన్లు సరిచేసుకుంటుంది, అదే ఫంక్షన్లలో ఉంటే ప్రతి దానికీ నన్ను పిలవాలి. మీ సీనియర్ బాధ కూడా బహుశా ఇదే, చెప్పడం రాక గంట పీకాడు.

ప్రశ్న అడిగినవాడు
బిల్లు పేజీ హెచ్‌టీపైకి మార్చా, అలర్ట్ రావట్లేదు, ఆ స్క్రిప్ట్ ట్యాగ్ మొత్తం కస్టమర్ పేరుగా నీట్‌గా ప్రింట్ అవుతోంది. మిగతావి ఆదివారం చేస్తా. అండర్‌స్కోర్ దగ్గర నేనూ తన్నుకున్నా 😂