అప్‌డేట్: కాలనీ వాట్సాప్ గ్రూపులో అద్దెవారిని చిన్నబుచ్చడం

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో మెయింటెనెన్స్ బకాయిల పేరుతో అద్దెకున్నవారిని అందరి ముందూ చిన్నబుచ్చుతున్నారనీ, అడ్మిన్‌గా ఏం చేయాలనీ ఇంతకుముందు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

అడ్మిన్లు మాత్రమే సందేశాలు పంపేలా సెట్టింగు మార్చమని పలువురు సూచించారు గానీ, అలా చేస్తే నీళ్లు రాలేదని చెప్పుకునే చోటు కూడా ఉండదు కాబట్టి, ఆ పద్ధతిని ప్రకటనల కోసం తెరిచిన వేరే గ్రూపుకే పరిమితం చేశాం. పాత గ్రూపులో ఒక్కటే నియమం: ఫ్లాటు నంబరు చెప్పి బాకీ అడగకూడదు, కోశాధికారి విడిగా ఫోన్ చేయాలి.

ఇతరుల సందేశాలను తొలగించే వీలు 2022 నుంచి అడ్మిన్లకు ఉంది. అయితే తొలగించినది అడ్మిన్ అని అక్కడ కనబడుతూనే ఉంటుంది, అది మరో అవమానం. అందుకే ముందుగా పంపినవారికే "అంకుల్, ఇది మీరే తీసేస్తే బాగుంటుందండీ" అని విడిగా రాస్తున్నాను. చాలావరకు నొచ్చుకోకుండా తీసేస్తున్నారు.

సభ్యుల పోస్టులకు అడ్మిన్‌ను బాధ్యుణ్ణి చేయలేమన్న 2022 నాటి కేరళ హైకోర్టు తీర్పును ఒకరు గుర్తుచేశారు. దానితో నా భయం తగ్గింది, పని మాత్రం తగ్గలేదు. ఒక ఓనరు నియమం నచ్చక గ్రూపు వదిలేశారు. ట్యాంకరు కబురు ఆయనకు వాచ్‌మన్ చేరవేస్తున్నాడు.