లోడ్ యావరేజ్: సగటు భారమా, సగటు బారా?

ప్రశ్న: లినక్స్ టెర్మినల్లో టాప్ (నడుస్తున్న ప్రోగ్రాములను చూపే కమాండు) నడిపితే పై వరుసలోనే ‘లోడ్ యావరేజ్: 9.20, 6.41, 3.05’ అని వస్తుంది. దీన్ని తెలుగులో ‘సగటు భారం’ అని రాశాను. ‘భారిత సగటు’ అనాలని ఒకరి సవరణ. ఏది నయమండీ?

జవాబు: భారిత సగటు వద్దు. గణితం పుస్తకాల్లో అది వెయిటెడ్ యావరేజ్. సగటు వర్షపాతం, సగటు దిగుబడి అన్నట్టే సగటు భారం. ‘సరాసరి’ జోలికీ పోకండి. ‘సీపీయూ మీద సరాసరి భారం’ అంటే నేరుగా పడిందనుకుంటారు.

ఇంకొక జవాబు: నా పేచీ సగటుతో కాదు, భారంతో. భారం అనగానే చదివేవాళ్లు శాతం అనుకుంటారు. 9.20 శాతం కాదు, తలల లెక్క: ఇప్పుడు నడుస్తున్న థ్రెడ్లు (ప్రోగ్రాములో విడివిడిగా నడిచే పనులు), తమ వంతు కోసం నిలబడ్డ థ్రెడ్లు కలిపి. రేషను షాపు ముందు ఎంతమంది ఉన్నారో చెప్పే అంకె లాంటిది. దానికి మనకు చక్కటి మాట ఉంది: బారు. బారులు తీరారు అంటాం కదా. సగటు బారు 9.20, కోర్లు (సీపీయూలోని కౌంటర్లు అనుకోండి) నాలుగు (ఎన్‌ప్రాక్ కమాండు కొడితే తెలుస్తుంది) అంటే సుమారు అయిదుగురు ఊరికే నిలబడ్డారని ఇట్టే అర్థమవుతుంది. అదే 16 కోర్ల మిషనైతే 9.20కి కంగారే లేదు. బోర్డు పెట్టుకున్న బారు గుర్తొస్తే మాత్రం నా పూచీ కాదు.

ప్రశ్న: బారు బాగుంది. కానీ ఇదే తెరలో సీపీయూ ఖాళీ 58 శాతం, డబ్ల్యూఏ (డిస్కు వంటివాటి కోసం ఎదురుచూపు) 37 శాతం చూపిస్తోంది. కౌంటరు ఖాళీగా ఉంటే బారు ఎందుకు?

జవాబు: లినక్సు ఇక్కడే తేడా. 1993 నుంచి డీ స్థితిలో (డిస్కు వంటివాటి కోసం ఆగి) ఉన్న థ్రెడ్లనూ ఇందులో కలుపుతోంది. ఎస్ స్థితి అంటే కోడికునుకు, పిలిస్తే లేస్తుంది. డీ అంటే మొద్దునిద్ర: డిస్కు జవాబిచ్చేదాకా కిల్ -9 (బలవంతంగా ఆపే కమాండు) కొట్టినా కదలదు. అంటే మీ బారు సీపీయూ ముందు కాదు, డిస్కు ముందు ఉంది. పీఎస్ కమాండుకి -ఈఓ ఇచ్చి స్టేట్ (స్థితి), పీఐడీ (ప్రాసెస్ నంబరు), డబ్ల్యూచాన్ (ఎక్కడ ఆగింది), కామ్ (పేరు) గడులు అడగండి, డీతో మొదలయ్యే వరుసలు చూడండి. ఒక్కసారికే తేల్చెయ్యకండి, రెండేసి సెకన్ల తేడాతో నాలుగైదుసార్లు కొట్టండి. ప్రతిసారీ అదే పీఐడీ కనిపిస్తే అదే దొంగ. తర్వాత సుడోతో (అడ్మిన్ హక్కులతో) ఐఓటాప్ (డిస్కును ఎవరు వాడుతున్నారో చూపేది), డీమెసేజ్ (లినక్సు రాసుకునే సందేశాలు) చూడండి. డీమెసేజ్‌లో ఐ/ఓ ఎర్రర్లుంటే ముందు ఫైళ్లు వేరేచోటికి కాపీ చేసుకోండి, ఆ తర్వాతే డిస్కుకున్న సాటా కేబులు మార్చి చూడండి. నెట్‌వర్కులో మౌంట్ చేసిన ఫోల్డరు సర్వరు పడిపోయినా ఇదే వరస.

ఇంకొక జవాబు: సగటు కూడా పూర్తిగా సగటు కాదండోయ్. ఖాళీ మిషన్లో యెస్ కమాండును (ఆపేదాకా ఒకే అక్షరం రాస్తూనే ఉంటుంది) డెవ్ నల్‌కి (ఏది పంపినా మింగేసే చోటు) మళ్లించి వదిలేసి, నిమిషం తర్వాత అప్‌టైమ్ (ఇదే లోడ్ యావరేజ్ చూపే కమాండు)లో మొదటి అంకె చూడండి. ఆ నిమిషమంతా బారులో ఉన్నది ఒకరే కాబట్టి మామూలు సగటైతే 1.00 రావాలి. వచ్చేది 0.63 దగ్గర. అయిదేసి సెకన్లకోసారి లెక్కపెట్టి, పాత లెక్కను కొంచెం కొంచెంగా తరుగు తీస్తూ కొత్తది కలుపుతుంది. ఆ లెక్కన ‘భారిత సగటు’ అన్నాయన తెలియకుండానే ఒక నిజం చెప్పారు. లోడ్ యావరేజ్‌లోని మూడు అంకెలు వరసగా 1, 5, 15 నిమిషాలవి; ఆ నిమిషాలు ఆ తరుగు ఎంత వేగంగా జరగాలో చెప్పే కొలతలు. 9.20, 6.41, 3.05 అంటే బారు పెరుగుతోందని. అవే అంకెలు తిరగబడి ఉంటే అసలు గండం గడిచింది, ఇప్పుడు చూసి లాభం తక్కువ.

ప్రశ్న: అయితే తెర మీది పేరు ‘లోడ్ యావరేజ్’ అలాగే ఉంచి, పక్కన ‘సగటు బారు: నడుస్తున్నవి, వంతు కోసం ఆగినవి, డిస్కు కోసం ఆగినవి’ అని రాస్తాను.

జవాబు: ‘థ్రెడ్ల లెక్కలో’ అని కూడా చేర్చండి. టాప్ మామూలుగా ప్రాసెస్‌కో వరుస చొప్పున చూపిస్తుంది. పెద్ద హెచ్ నొక్కితేనే థ్రెడ్లు విడివిడిగా వస్తాయి. లేకపోతే ఒక్క బ్రౌజరు వరుస చూసి బారు తొమ్మిదేమిటని మళ్లీ ఇక్కడికే వస్తారు.