పాత కారు సెంట్రల్ లాక్: పడిన డోరు లాకులు మళ్లీ వాటంతటవే లేస్తున్నాయి

గోదావరి_గట్టు:
మాది 2008 మోడల్ చిన్న కారు. లాక్ కారుతో వచ్చింది కాదు, తర్వాత బయట వేయించింది. వారం నుంచి రిమోట్ నొక్కితే నాలుగు డోర్ల లాకులూ టక్కున పడతాయి, రెండు సెకన్లకే మళ్లీ లేస్తాయి. నిన్న గతుకుల రోడ్డులో వాటంతటవే టకటకా కొట్టుకుంటుంటే వెనక కూర్చున్న మా అమ్మ "కారుకి పూనకం వచ్చిందిరా" అంది. షాపులో డోర్లలో లాకులు ఆడించే నాలుగు మోటార్లూ మార్చాలంటున్నారు. నిజంగా అంత అవసరమా?

బెజవాడ_స్పానర్:
ఆగండి, ఒక్కటి కూడా కొనకండి. బయట దొరికే కిట్లలో మామూలుగా డ్రైవర్ డోరు మోటారుకి ఐదు వైర్లు, మిగతా మూడింటికి రెండేసి ఉంటాయి. ఆ రెండూ మోటారు తిప్పడానికి. డ్రైవర్ వైపు అదనంగా ఉన్న మూడూ లోపలి చిన్న స్విచ్‌వి. లాక్ పడిందో లేచిందో కంట్రోల్ బాక్సుకి చెప్పేది ఆ స్విచ్చే. అది తప్పుడు కబురు పంపితే బాక్సు మిగతా డోర్లన్నిటినీ ఆడిస్తుంది.

గతుకుల్లో కొట్టుకుంటోందంటే నా అనుమానం వైరు మీదే. డోరుకీ బాడీకీ మధ్య మడతల రబ్బరు గొట్టం ఉంటుంది చూడండి. అన్నిటికంటే ఎక్కువసార్లు తెరిచేది డ్రైవర్ డోరే కాబట్టి వైర్లు అక్కడ నలిగి తెగుతాయి. పై తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల రాగి తెగి ఉంటుంది. ఒక్కో వైరూ మెల్లగా లాగండి. తెగింది రబ్బరు బ్యాండులా సాగుతుంది.

పాత_ఇనుము:
ప్రతిసారీ వైరే కాదన్నా. మాకు వెనక ఎడమ డోరు ఒక్కటే పడేది కాదు. మోటారు రెండు వైర్లకి టెస్ట్ బల్బు పెట్టి రిమోట్ నొక్కితే బల్బు ఠక్కున వెలిగి ఆరింది. కరెంటు వస్తోంది, మోటారే పోయింది. డిజిటల్ మీటర్‌తో ఇది తేలదు, అంకె కుదురుకునేలోపే కరెంటు ఆగిపోతుంది. మోటారు విప్పితే లోపలంతా తుప్పు. అంతకుముందు అద్దం బాగుచేసినవాళ్లు డోరు లోపలి వైపు ఉండే ప్యాడ్ వెనక ప్లాస్టిక్ షీటు తిరిగి అంటించలేదు, వాన నీళ్లన్నీ మోటారు మీదే పడ్డాయి.

గోదావరి_గట్టు:
ప్యాడ్ ఊడదీయాలంటే అద్దం తిప్పే హ్యాండిల్ రావట్లేదు. స్క్రూ ఎక్కడా కనపడదు!

బెజవాడ_స్పానర్:
దానికి స్క్రూ ఉండదండీ, వెనక తీగ క్లిప్పు ఉంటుంది. హ్యాండిల్ వెనక పాత గుడ్డ దూర్చి బూట్లు పాలిష్ చేసినట్టు అటూ ఇటూ లాగండి, క్లిప్పు ఎగిరిపడుతుంది. చెయ్యి అడ్డం పెట్టుకోండి, నాది ఒకటి ఇప్పటికీ దొరకలేదు.

గోదావరి_గట్టు:
దొరికింది! గొట్టం లోపల నల్ల వైరు తెగింది, అన్న చెప్పినట్టే సాగింది. బ్యాటరీ నెగెటివ్ తీసేసి, జానెడు కొత్త మెత్తటి వైరు వేసి సోల్డర్ చేయించాను. అతుకులు రెండూ మడతల్లో పడకుండా గొట్టానికి అవతలా ఇవతలా పెట్టి స్లీవ్ వేయించా. టేపు చుట్టనివ్వలేదు, ఎండకి జిగురు కారిపోతుంది. మోటార్లు నాలుగూ పాతవే, మూడు రోజులుగా ఒక్కసారి కూడా తప్పలేదు. వెనక కుడి డోరు మాత్రం కాస్త మూలుగుతూ పడుతోంది. మోటారుని లాక్‌కి కలిపే రాడ్డుకి గ్రీజు పెట్టి చూస్తా ఆదివారం.