జ్ఞానులు ముగ్గురే అని ఎక్కడ రాసి ఉంది?

సండే స్కూల్ టీచర్:
అందరికీ వందనాలు. ఈసారి పిల్లల క్రిస్మస్ నాటిక నా నెత్తిన పడింది. బాల యేసుని చూడటానికి వచ్చిన జ్ఞానుల వేషానికి ఐదుగురు పోటీ పడ్డారు, సరేలెమ్మని ఐదుగురినీ తీసుకున్నాను. అట్టముక్కలకి బంగారు కాగితం అంటించి ఐదు కిరీటాలూ చేశాను, వేళ్ళకి జిగురు ఇంకా వదల్లేదు. రిహార్సల్ చూసిన ఒక పెద్దాయన "ముగ్గురే అని బైబిల్లో ఉంది, వాక్యం మార్చకూడదమ్మా" అన్నారు. ఆ మాట వినగానే అందరికన్నా చిన్నవాడు కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చి మత్తయి సువార్త 2వ అధ్యాయం మూడుసార్లు చదివాను. "తూర్పు దేశపు జ్ఞానులు" అనే ఉంది. లెక్క లేదు, పేర్లు లేవు, రాజులన్న మాట లేదు, ఆఖరికి ఒంటె కూడా లేదు! నేనేమైనా మిస్సయ్యానా?

పాత పుస్తకాల పురుగు:
ఏమీ మిస్సవలేదు సిస్టర్. కానుకలు మూడు, బంగారం, సాంబ్రాణి, బోళం, కాబట్టి తెచ్చినవాళ్ళూ ముగ్గురే అని లెక్క కట్టారు, అంతే. సిరియా ప్రాంతపు పాత క్రైస్తవుల (సిరియాక్) సంప్రదాయంలో పన్నెండుగురు. రోమ్‌లో నేల కింది పాత సమాధుల గోడల మీద ఒకచోట ఇద్దరిని గీశారు, ఇంకోచోట నలుగురిని. మీ ఐదుగురు ఎవరికి అడ్డం?

రాజులూ ఒంటెలూ పాత నిబంధన నుంచి వచ్చి చేరాయి. 72వ కీర్తనలో రాజులు కానుకలు తెస్తారు. యెషయా 60లో ఒంటెలు, బంగారం, ధూపద్రవ్యం అన్నీ ఉన్నాయి. మత్తయి గ్రీకులో వాడిన మాట "మాగోయ్", అంటే నక్షత్రాలు చూసేవాళ్ళు, కలలకి అర్థం చెప్పేవాళ్ళు. తమాషా ఏంటంటే, అపొస్తలుల కార్యములు 13లో బర్‌ యేసు అనే అబద్ధ ప్రవక్తకీ అదే మాట. అక్కడ మన తెలుగు బైబిల్ "గారడీవాడు" అంది, ఇక్కడ "జ్ఞానులు" అంది.

నెమ్మదస్తుడు:
ఆ పెద్దాయన్ని మరీ తీసిపారెయ్యకండి. ఆయన చెప్పింది వాక్యం కాకపోవచ్చు, కానీ నిన్నా మొన్నా పుట్టిన మాటా కాదు. ఇటలీలో రవెన్నా చర్చి గోడ మీద 6వ శతాబ్దపు రంగురాళ్ళ మొజాయిక్‌లో ముగ్గురే ఉన్నారు, పైన గాస్పర్, మెల్కియోర్, బల్తసర్ అని పేర్లు. అన్నట్టు అక్కడ వాళ్ళ తలల మీద కిరీటాలు లేవు, పర్షియావాళ్ళ టోపీలున్నాయి. వాళ్ళ ఎముకలేనంటూ 1164లో మిలాన్ నుంచి జర్మనీలోని కొలోన్‌కి తీసుకెళ్ళి దాచుకున్నారు కూడా. ఇన్ని తరాలు ముగ్గుర్ని చూసిన కంటికి ఐదుగురు ఎబ్బెట్టుగానే ఉంటారు. నేనైతే ముందు ఆయనతో కూర్చుని మత్తయి చదువుతాను, తర్వాతే నాటిక.

పాత పుస్తకాల పురుగు:
ఒప్పుకుంటాను. అయితే సిస్టర్, లెక్క కన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. మీ జ్ఞానులు వచ్చేది ఎక్కడికి? తొట్టి, గొర్రెల కాపరులు లూకా సువార్తలోవి. మత్తయిలో వాళ్ళు "ఇంటిలోనికి" వచ్చారు. హేరోదు రాజు రెండేళ్ళ లోపు పిల్లల్ని చంపించింది జ్ఞానులు చెప్పిన కాలాన్ని బట్టే. పైగా లూకా 2లో మరియ, యోసేపు దేవాలయానికి వెళ్ళినప్పుడు గువ్వల జత గురించే ఉంది. గొర్రెపిల్లని తేలేనివాళ్ళు ఇచ్చే అర్పణ అది. అప్పటికే ఇంట్లో బంగారం ఉంటే గొర్రెపిల్లనే తెచ్చేవాళ్ళు కదా! అందుకే జ్ఞానులు ఆ తర్వాతే వచ్చారని నా అభిప్రాయం.

సండే స్కూల్ టీచర్:
గువ్వల సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు, థాంక్స్ బ్రదర్. పెద్దాయనతో కూర్చున్నాను. కళ్ళజోడు పెట్టుకుని పన్నెండు వచనాలూ వేలుతో చూపిస్తూ చదివి, "లేదే!" అన్నారు. ఐదుగురికీ ఒప్పుకున్నారు. తొట్టి తీసేసి తలుపున్న ఇల్లు పెడుతున్నాం. బొమ్మకి బదులు ఏడాదిన్నర పిల్లాడు, వాడు స్టేజీ మీద కూర్చుంటాడో లేదో అదొక టెన్షన్.

టోపీలు కుట్టిస్తానంటే మాత్రం ఐదుగురూ కిరీటాలు ఇవ్వమంటున్నారు.