పాత సీటాక్ ఆటోపైలట్, ఎస్‌టీ60 డిస్‌ప్లేలు: ఏది ముందు చెక్ చేయాలి?

లంగరు99:
సీటాక్ (రేమెరైన్ పడవ పరికరాలను కలిపే పాత డేటా లైను) కాలం నాటి ఆటోపైలట్, ఎస్‌టీ60 డిస్‌ప్లేల సెట్లున్న తెరచాప పడవల్లో మూడు లక్షణాలు తరచూ కనిపిస్తాయి. కోర్సు మార్చగానే పైలట్ హెడ్ (ఆటోపైలట్ బటన్లు, తెర ఉన్న పెట్టె) ఆరిపోయి మళ్లీ వెలిగి, పడవను నడపకుండా స్టాండ్‌బైలో కూర్చోవడం, గాలి దిశ చోట గీతలు రావడం, అంకెలు సగం మాయమవడం. కోర్స్ కంప్యూటర్ (చుక్కాని మోటారును నడిపే ఆటోపైలట్ మెదడు పెట్టె) మార్చేయమని కొందరు, మొత్తం పీకేయమని కొందరు అంటున్నారు. మీరు ఏ వరసలో వెతుకుతారు?

మీటర్_మాస్టారు:
డబ్బు తీసే ముందు మీటరు తీయండి. హెడ్ ఆరి వెలిగితే ముందుగా అనుమానించాల్సింది సప్లైని, కంప్యూటర్‌ని కాదు. ఎస్‌టీ60 డిస్‌ప్లేలకు 10 నుంచి 16 వోల్టులు కావాలి. మోటారు కదిలిన క్షణాన సప్లై 10 కిందికి జారితే రీసెట్ అయిపోతాయి.

మోటారు ఆగి ఉండగా కొలిస్తే చక్కగా 12.6 చూపించి మోసం చేస్తుంది. లోడు మీదే కొలవాలి. పడవ రేవులో కట్టి ఉండగా పైలట్‌ని ఆటో మోడ్‌లో పెట్టండి. ఒకరు స్టీరింగ్ చక్రాన్ని ఎదురు పట్టి ఆపుతుంటే ఇంకొకరు ప్లస్ 10 బటన్ (కోర్సును 10 డిగ్రీలు మార్చేది) రెండుసార్లు నొక్కాలి. మీటరు ఎర్ర ప్రోబ్ బ్యాటరీ ప్లస్ మీద, నల్లది కోర్స్ కంప్యూటర్ ప్లస్ స్క్రూ మీద ఉంచితే ఆ దారిలో ఎంత పోతోందో నేరుగా కనిపిస్తుంది. తర్వాత మైనస్ నుంచి మైనస్‌కి అలాగే. కుంగుబాటు క్షణంలో అయిపోతుంది కాబట్టి మిన్-మ్యాక్స్ బటన్ (అత్యల్ప, అత్యధిక విలువలను పట్టి ఉంచేది) ఉన్న మీటరైతే మంచిది.

ఒక్కో వైపు 0.2 వోల్టు దాటితే ఆ దారిని ముక్కలు చేసి కొలవండి: ఫ్యూజ్ హోల్డర్‌కి ఇటూ అటూ, స్విచ్‌కి ఇటూ అటూ, బస్‌బార్ (వైర్లన్నీ కలిసే లోహపు పట్టీ) స్క్రూకి ఇటూ అటూ. ప్లస్ వైపు అందరూ చూస్తారు, మైనస్ బస్‌బార్‌ని ఎవరూ ముట్టుకోరు. దొంగ చాలాసార్లు అక్కడే ఉంటాడు.

వైరు మందం లెక్క కూడా వేసుకోండి. బ్యాటరీ నుంచి 6 మీటర్లు, అంటే రానూపోనూ 12. మోటారు 10 ఆంప్స్ లాగితే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో 0.84 వోల్టు పోతుంది, 6 చదరపు మిల్లీమీటర్లదైతే 0.35. ఇది కొత్త వైరు లెక్క. టిన్ పూత లేని పాత రాగి వైరు చివర అంగుళం వలిచి చూడండి. లోపల నల్లగా ఉంటే ఇంకో అంగుళం వలవండి. ఎంత వలిచినా నలుపే వస్తుంటే ఆ వైరు పని అయిపోయినట్టే. దానికి టంకం పట్టదు, క్రింప్ చేసినా (కనెక్టర్‌ని నొక్కి బిగించినా) నిలవదు.

ఉప్పుగాలి:
మాస్టారు గారూ, వైర్లన్నీ బాగున్నా సప్లై కుంగే సందర్భం ఒకటుంది. మోటారే ఎక్కువ లాగడం. డీసీ కొలిచే క్లాంప్ మీటరు (వైరు చుట్టూ పట్టి కరెంటు చూసేది) కావాలి, ఏసీ క్లాంప్ పనికిరాదు. డ్రైవ్‌ని (మోటారున్న భాగాన్ని) చుక్కాని నుంచి విడదీసి ఒకసారి, తగిలించి ఒకసారి కరెంటు చూడండి. విడదీసినా ఎక్కువే లాగుతుంటే మోటారు లోపం: కార్బన్ బ్రష్షులు ఇరుక్కోవడమో, బ్రష్షుల పొడి కమ్యుటేటర్ (బ్రష్షులు ఆనే రాగి చుట్టు) గాడుల్లో పేరుకోవడమో. తగిలించినప్పుడే పెరుగుతుంటే చుక్కాని బేరింగులు బిగుసుకున్నాయి. అది ఎలక్ట్రానిక్స్ జబ్బు కానే కాదు. పైలట్ ఆఫ్ చేసి చక్రాన్ని రెండు వేళ్లతో తిప్పి చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

మీటర్_మాస్టారు:
ఒప్పుకుంటాను. ఇందాక చెప్పాల్సింది అది.

దిక్సూచి:
గాలి దిశ చోట గీతలొస్తే వెంటనే మాస్ట్ (తెరచాప స్తంభం) ఎక్కకండి. మాస్ట్ మీది గాలి సెన్సర్ నుంచి వచ్చే ఐదు తీగలు డిస్‌ప్లే వెనకే ఉంటాయి. ఎర్రదానికీ షీల్డుకీ మధ్య దాదాపు 8 వోల్టులు రావాలి. షీల్డుతో పోల్చి నీలం, ఆకుపచ్చ తీగల మీద 2 నుంచి 6 మధ్య వోల్టేజీ, గాలి దిశ సూచిక తిరిగేకొద్దీ మారుతుండాలి. పసుపు గాలి వేగానిది, కప్పులు తిరుగుతుంటే 0కీ 5కీ మధ్య ఎగిరి పడాలి.

8 వోల్టులు లేకపోతే మాస్ట్ కేబుల్ విప్పి మళ్లీ కొలవండి. విప్పగానే 8 వచ్చిందంటే కేబుల్లోనో మాస్ట్ మొదట్లో ఉన్న జంక్షన్ పెట్టెలోనో షార్ట్ ఉంది. విప్పినా రాకపోతే డిస్‌ప్లేదే లోపం. జంక్షన్ పెట్టె తెరిస్తే సాధారణంగా దర్శనమిచ్చేది పచ్చటి చిలుము. దాన్ని గీకి మళ్లీ బిగించడం వృథా. మంచి రాగి వచ్చేదాకా తీగ కోసి, జిగురున్న హీట్‌ష్రింక్ స్లీవ్‌తో కొత్త క్రింప్ వేయండి. కేబుల్ పెట్టెలోకి పైనుంచి దిగకూడదు, కిందికి వంపు తిరిగి రావాలి. లేదంటే వాననీరు కేబుల్ వెంట నేరుగా లోపలికి దిగుతుంది.

పసుపుతీగ:
అన్ని డిస్‌ప్లేలలో ఒకేసారి గీతలొస్తే సెన్సర్ల జోలికి వెళ్లకండి, సీటాక్ లైను చూడండి. అందులో ఎరుపు 12 వోల్టులు, షీల్డు మైనస్, పసుపు డేటా. ఊరికే ఉన్నప్పుడు పసుపు మీద దాదాపు సప్లై వోల్టేజీ ఉండాలి. సున్నా దగ్గరే ఉండిపోతే ఏదో ఒక పెట్టె దాన్ని కిందికి లాగేస్తోంది. గొలుసును మధ్యలో విడదీయండి, ఏ సగం బతికితే రెండో సగంలో వెతకండి. ఎనిమిది పెట్టెలున్నా మూడు విడదీతలతో దొరుకుతుంది.

సీటాక్ఎన్‌జీ (సీటాక్ తర్వాతి కొత్త లైను) కన్వర్టర్ పెట్టి కొత్త పరికరాలు కలిపినవాళ్లు: పవర్ ఆపి డేటా జత మధ్య ఓమ్స్ కొలవండి. 60 రావాలి. 120 వస్తే ఒక టెర్మినేటర్ (లైను చివర ఉండే రెసిస్టర్) లేదు. 40 వస్తే ఎవరో మూడోది పెట్టారు.

టంకంబాబు:
మాయమైన అంకెలకు కారణం ఎక్కువగా గాజుకీ బోర్డుకీ మధ్య ఉండే రబ్బరు జీబ్రా స్ట్రిప్ (బోర్డు నుంచి గాజుకి కరెంటు అందించే పట్టీ). బోర్డు మీది పట్టీలనూ స్ట్రిప్ అంచులనూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, నూలు రాలని గుడ్డతో తుడిచి సమంగా నొక్కి బిగించాలి. ఒక మూల ముందే బిగిస్తే గాజు పగులుతుంది. స్క్రీన్ మొత్తం నల్లబడితే స్ట్రిప్ కాదు, ఎండకు పోలరైజర్ పొర (గాజు మీద అంకెలు కనిపించేలా చేసే ఫిల్ము) కాలింది. కొత్త పొరను కోసేముందు గాజు మీద తిప్పి చూసి, అంకెలు ముదురుగా కనిపించే దిశ గుర్తు పెట్టుకోండి.

కోర్స్ కంప్యూటర్ పాతదైతే ఉబ్బిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల కోసం చూడండి. హైదరాబాద్ వెళ్లినప్పుడు కోఠీ గుజరాతీ గల్లీలో తెచ్చుకోవచ్చు, 105 డిగ్రీల వేడి తట్టే రకమే అడగండి. 85 డిగ్రీలది చేతిలో పెట్టి పంపేస్తారు.

లంగరు99:
అందరికీ థ్యాంక్స్. కరెంటంతా సరిగ్గా ఉండి కూడా పడవ పాములా మెలికలు తిరుగుతుంటే?

దిక్సూచి:
రెండు చూడాలి. ఒకటి చుక్కాని సెన్సర్. అది లోపల పొటెన్షియోమీటరే. ముల్లున్న పాత అనలాగ్ మీటరు తగిలించి చక్రాన్ని నెమ్మదిగా ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పండి. మధ్యలో ముల్లు ఎగిరితే అక్కడ అరిగింది. రోజంతా చుక్కాని ఆడేది మధ్యలోనే కదా.

రెండోది ఫ్లక్స్‌గేట్ దిక్సూచి (పైలట్‌కి దిశ చెప్పే ఎలక్ట్రానిక్ దిక్సూచి). విప్పి కొలిస్తే షీల్డు నుంచి నీలానికీ, షీల్డు నుంచి పసుపుకీ ఓమ్స్ సమానంగా ఉండాలి, నీలం పసుపుల మధ్య దానికి రెట్టింపు రావాలి. అవి బాగుంటే దాని చుట్టూ ఉన్న అలమరలు ఖాళీ చేయండి. చేపల టిన్నులు, పనిముట్లు, ముఖ్యంగా స్పీకరు. అల్యూమినియం డబ్బాలతో భయం లేదు. తర్వాత నీరు నిలకడగా ఉన్నచోట 2 నాట్ల లోపు వేగంతో, చుట్టుకు కనీసం 3 నిమిషాలు తీసుకుంటూ రెండు చుట్లు తిప్పి దిద్దుబాటు చేయండి. డీవియేషన్ (చుట్టూ ఉన్న ఇనుము వల్ల దిక్సూచిలో వచ్చే తేడా) 15 డిగ్రీలు దాటితే చుట్లు తిప్పి లాభం లేదు, దిక్సూచినే వేరే చోటికి మార్చాలి.