పాత ఫోర్త్ పుస్తకంలోని కోడ్ జీఫోర్త్‌లో వింత అంకె చూపిస్తోంది, ఎందుకు?

ప్రశ్న:
నమస్కారం అండీ. ఫోర్త్ అనే ప్రోగ్రామింగ్ భాష మీద 1980ల నాటి పుస్తకం ఒకటి దొరికింది. 64 బిట్ ల్యాప్‌టాప్‌లో ఉబుంటు మీద జీఫోర్త్ (ఫోర్త్ కోడ్ నడిపే ప్రోగ్రామ్) వేసుకుని అందులోని అభ్యాసాలు చేస్తున్నాను. కూడికలు, లూపులు బాగానే వచ్చాయి, అర్రే (వరుసగా పెట్టిన విలువలు) దగ్గర ఆగిపోయాను. (ఫోర్త్ పదాలు, అంటే ఆదేశాలు, ఇక్కడ తెలుగు లిపిలో రాశాను, కొట్టింది ఇంగ్లిష్‌లోనే.)

క్రియేట్ అంకెలు 10 , 20 , 30 ,
అంకెలు 2 + @ .

పుస్తకం ప్రకారం రెండో విలువ 20 రావాలి. నాకు 5629499534213120 వస్తోంది. ఎర్రర్ కూడా చూపించట్లేదు. ఇన్‌స్టాలేషన్‌లోనే ఏదైనా తేడా ఉందా?

జవాబు:
టెన్షన్ పడకండి, ఇన్‌స్టాలేషన్ బాగానే ఉంది. అప్పట్లో ఫోర్త్ ఎక్కువగా 16 బిట్ల పద్ధతిలో నడిచేది, ఒక సెల్ (ఒక విలువ పట్టే గడి) అంటే 2 బైట్లు. అందుకే అడ్రసుకు 2 కలిపితే తర్వాతి గడికి చేరేవాళ్లు. మీ దగ్గర సెల్ 8 బైట్లు. 1 సెల్స్ . అని కొట్టండి, 8 అని చూపిస్తుంది.

మీకొచ్చిన అంకె కూడా ఊరికే రాలేదు. 10 ఉన్న గడిలో మొదటి రెండు బైట్లు వదిలేసి, అక్కడి నుంచి 8 బైట్లు చదివారు. అందులో మొదటి ఆరూ సున్నాలు, ఏడోది 20, ఎనిమిదోది మళ్లీ సున్నా. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లు తక్కువ విలువ బైటును ముందు పెడతాయి కాబట్టి ఆ 20 ఆరు బైట్లు పైకి జరిగినట్టయింది. అంటే 20ని 2 ఘాతం 48తో గుణించినట్టు. లెక్క కట్టి చూడండి, సరిగ్గా మీ అంకే వస్తుంది.

ఇలా రాయండి:

అంకెలు 1 సెల్స్ + @ .

నిజానికి ఇంతకంటే జాగ్రత్త పడాల్సింది అలాట్ (మెమరీలో చోటు కేటాయించే పదం) దగ్గర. పది విలువల కోసం పుస్తకంలో 20 అలాట్ అని ఉంటే, మీరు 10 సెల్స్ అలాట్ అనాలి. లేకపోతే మూడో విలువ రాసేసరికే పక్క డేటా మీద పడుతుంది, ఫోర్త్ మిమ్మల్ని ఆపదు. సెల్స్ 1994 ఫోర్త్ ప్రమాణంలో ఉన్న పదం, దాంతో రాసిన కోడ్ ఏ సైజు మెషీన్ మీదైనా నడుస్తుంది. బైట్ల అంకె నేరుగా వేసి రాయడం ఈరోజే మానేయండి.

మరో సభ్యుడు:
అన్నా, పుస్తకంలో ఉన్న నాట్ అనే పదం సంగతేంటి?

జవాబు:
ఆ పదం 1994 ప్రమాణంలో లేదు తమ్ముడూ. 1979 ప్రమాణంలో దానికి ఒక అర్థం, 1983లో ఇంకో అర్థం. నిజమా అబద్ధమా అన్నది తిరగేయాలంటే 0= వాడు, బిట్లు తిరగేయాలంటే ఇన్వర్ట్.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ, 20 వచ్చింది! ఇంకొకటి. ఒక పదాన్ని సరిదిద్ది మళ్లీ నిర్వచించాను. దాన్ని వాడే పెద్ద పదం మాత్రం పాత పద్ధతిలోనే పోతోంది.

జవాబు:
పెద్ద పదం కంపైల్ అయినప్పుడే పాత నిర్వచనానికి కట్టుబడిపోయింది. కొత్తది ఆ తర్వాత రాసేవాటికే వర్తిస్తుంది. కోడ్ అంతా ఒక ఫైల్లో పెట్టుకోండి. మార్చిన ప్రతిసారీ బై కొట్టి బయటికొచ్చి, ఆ ఫైలుతో జీఫోర్త్ మళ్లీ మొదలుపెట్టండి. ఎక్కడ తప్పుతోందో తెలియకపోతే నిర్వచనం మధ్యలో ~~ పెట్టండి. నడిచేటప్పుడు అక్కడికి రాగానే ఫైలు పేరు, లైను నంబరు, విలువలు పేర్చుకునే స్టాక్‌లో ఏముందో చూపిస్తుంది. జీఫోర్త్‌లో నాకు బాగా నచ్చేది ఇదే.

ఇంకో సభ్యురాలు:
అర్రే పేరు తెలుగులో పెడితే పని చేస్తుందా అని ఎవరికైనా అనుమానం ఉంటే: చేస్తుంది. ఖాళీ లేకుండా ఏం రాసినా ఫోర్త్‌కు అది ఒక పదమే, జీఫోర్త్ యూనికోడ్ పేర్లను తీసుకుంటుంది.

: రెట్టింపు 2 * ;
7 రెట్టింపు .

14 వస్తుంది. కొన్ని టెర్మినళ్లలో ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి, దానివల్ల లెక్క మారదు.